పండగకిచ్చిన బ్యాటరీ

అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు ప్రార్థన చేస్తారు, కాఫీ తాగుతారు, దేవుడు ఎక్కువ కష్టపెట్టకుండా తీసుకున్నాడని చెప్పి వెళ్తారు. అదే మాట పదిమంది నోట వినేసరికి నాకు ఓదార్పు బదులు చిరాకు పుట్టుకొచ్చింది. నా మొహం చూసి మా తమ్ముడు, "అక్కా, నరసాపురంలో ఒక బోటు పని సగంలో ఆగిపోయింది. నాతో రా, కాస్త గాలి మారుతుంది" అని కారెక్కించుకుని తీసుకెళ్ళాడు. వాడు చేసేది నాన్న చేసిన పనే. సముద్రంలోకి వెళ్ళే బోట్లకి వైర్‌లెస్‌లూ, లైట్లూ, బ్యాటరీలూ బిగించడం. నాన్న సైకిలు మీద తిరిగి చేశాడు, వీడు కారులో తిరిగి చేస్తున్నాడు.

గోదావరి ఒడ్డున కట్టిన ఆ బోటు కొత్తది, ఇంకా రంగు వాసన పోలేదు. లోపల డ్రైవరు కూర్చునే గదిలో టీవీలంతేసి తెరలు రెండున్నాయి. ఒకదాంట్లో బోటు ఎక్కడుందో కనిపిస్తుందట, ఇంకోదాంట్లో కింద నీళ్ళెంత లోతో, చేపలెక్కడున్నాయో కనిపిస్తుందట. బోటు ఎక్కడ తిరుగుతోందో ఒడ్డునున్నవాళ్ళకి తనంతట తానే తెలియజేసే పరికరం ఒకటి. పైకప్పు మీద సోలారు పలకలు. తమ్ముడు ఒక్కోటి నొక్కి చూపిస్తుంటే నేను అర్థమైనట్టు తలూపుతున్నాను. అడుగున ఒక ఫైబరు పెట్టె, అందులో వైర్‌లెస్‌కి విడిగా ఒక బ్యాటరీ, దానికి తాళం. బోటు ఓనరు కుర్రాడు, "దీనికి తాళమెందుకండీ? ఎప్పుడైనా బయటికి కావాలంటే తియ్యడం కష్టం కదా?" అని అడిగాడు. "అందుకే వేశానండి. వైర్‌లెస్ బ్యాటరీ బోటు దిగకూడదు. మా నాన్నగారు పెట్టిన రూలు" అన్నాడు తమ్ముడు, నవ్వుతూ. ఆ రూలు ఎందుకొచ్చిందో వాడు విన్నాడే గాని చూడలేదు. అప్పటికి వాడు ఉయ్యాలలో ఉన్నాడు. నేను చూశాను. బయటికొచ్చి చెక్క మీద కూర్చున్నాను.

మా చిన్నప్పటి ఇల్లు కాలవ గట్టు పక్కన రెండు గదుల పెంకుటిల్లు. ముందు వరండా మాది కాదు, బ్యాటరీలది. బోట్ల మీంచి దిగిన బ్యాటరీలు గోడవారగా వరసగా కూర్చుని ఛార్జి ఎక్కుతూ ఉండేవి. మూతలు తీసి ఉంచితే లోపల నీళ్ళు సన్నగా బుసబుసమని పొంగేవి. గొంతులో గీరుకునే ఒక పుల్లటి వాసన ఇంట్లోకి, పక్కబట్టల్లోకి, అన్నంలోకి కూడా వచ్చేది. ఆ యాసిడ్ చుక్క ఎక్కడ పడితే అక్కడ బట్టకి చిల్లు. అమ్మ చీరలకీ, నా గౌన్లకీ, నాన్న లుంగీలకీ చిల్లులే. అమ్మ రాత్రి పూట లాంతరు దగ్గర కూర్చుని రఫ్ఫు చేస్తూ, "కాపురం చేసేది బ్యాటరీలండీ. మనం అద్దెకుంటున్నాం" అనేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆయనకో గాజు గొట్టం ఉండేది. దాని చివర రబ్బరు బుడ్డి. బ్యాటరీలోంచి కాస్త ద్రవం పైకి లాగి, గొట్టంలో తేలే బిళ్ళ ఎంత లేచిందో వెలుగుకి పెట్టి చూసేవాడు. అప్పుడాయన మొహం పులుసు రుచి చూసే ఆడమనిషి మొహంలా ఉండేది. అన్నానికి ముందు సోడా ఉప్పుతో చేతులు రుద్ది రుద్ది కడిగేవాడు, అయినా ఆ వేళ్ళకి ఆ వాసన పోలేదు. ఎక్కడైనా కారు బ్యాటరీ మూత తీస్తే ఇప్పటికీ నాకు నాన్నే గుర్తొస్తాడు.

అప్పటికి మా రేవులో వైర్‌లెస్ కొత్త. ఉన్న బోట్లే తక్కువ, అందులో అది పెట్టించుకున్నవి ఇంకా తక్కువ. పెట్టించుకున్న ఓనర్లతో నాన్నకి ఎప్పుడూ ఒకటే గొడవ. రెండు బ్యాటరీలు పెట్టాలనేవాడాయన. ఒకటి ఇంజను స్టార్టు చెయ్యడానికీ, లైట్లకీ. రెండోది వైర్‌లెస్‌కి మాత్రమే, దాన్నింకెవరూ ముట్టుకోకూడదు. "ఒకటి చాలదా మేస్త్రీ, ఎందుకీ దండగ?" అని వాళ్ళు. నాన్నకి కోపం వచ్చేది. "సముద్రం మధ్యలో ఇంజను ఆగిపోయిందనుకోండి. డ్రైవరు ఏం చేస్తాడు? సెల్ఫు కొడతాడు. స్టార్టవకపోతే మళ్ళీ కొడతాడు. కొట్టీ కొట్టీ బ్యాటరీ చస్తుంది. అప్పుడు దేంతో పిలుస్తారండీ ఒడ్డునున్నవాళ్ళని? కేకేస్తారా?" అనేవాడు. మామూలుగా ఎవరి మాటకీ ఎదురుచెప్పని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం సామాను సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోవడానికైనా సిద్ధపడేవాడు. చివరికి ఓనర్లే దిగొచ్చేవారు.

అలా రెండు బ్యాటరీలు పెట్టిన బోట్లలో ఒకదానికి ప్రసాదు మామయ్య సరంగు. సరంగంటే బోటు నడిపే పెద్ద. మామయ్య అమ్మకి తమ్ముడు. వాళ్ళమ్మ తొందరగా పోతే అమ్మే చంకనేసుకుని పెంచింది, అందుకని పెళ్ళయి ఒక కూతురు పుట్టినా మా ఇంట్లో ఆయన ఇంకా చిన్నపిల్లాడే. ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ పక్కగదిలో ఓనరు ఒక వైర్‌లెస్ పెట్టించాడు, గుమాస్తా దాని ముందు కూర్చునేవాడు. సాయంత్రం అయ్యేసరికి నేనూ, వీధిలో పిల్లలూ ఆ కిటికీ దగ్గర గుమిగూడేవాళ్ళం. గరగరల మధ్య నుంచి మామయ్య గొంతు వచ్చేది. చేపల సంగతీ గాలి సంగతీ చెప్పడం అయ్యాక, "మా అక్కకి చెప్పండి గుమాస్తాగారూ, రేపు గోంగూర రొయ్యలు వండమని" అనేవాడు. నేను ఆ మాట పట్టుకుని ఇంటికి పరిగెత్తేదాన్ని. "సముద్రంలో ఉండి కూడా వీడికి తిండి యావే" అని అమ్మ తిడుతూ గోంగూర కోసం గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది.

మాది రేవు పక్క చర్చి. దాన్ని గుడి అనేవాళ్ళం, పాస్టరుగారిని అయ్యగారు అనేవాళ్ళం. ఆ రోజుల్లో కరెంటు ఉన్న గంటల కన్నా లేని గంటలే ఎక్కువ. కూటాలకి మైకు కావాలి, మైకుకి బ్యాటరీ కావాలి. ఊళ్ళో బ్యాటరీలుండేది బోట్లకే. అందుకని ఒడ్డున ఉన్న బోటు ఏదో చూసి దాని బ్యాటరీ గుడికి తెచ్చుకోవడం ఆనవాయితీ అయిపోయింది. అడిగితే ఎవరూ కాదనేవారు కాదు, పైగా పోటీపడేవారు. కారణం ఒక్కటే. ఆ రోజు బ్యాటరీ ఎవరిదైతే వాళ్ళ బోటు పేరు, సరంగు పేరు, ఇంటివాళ్ళ పేర్లు అన్నీ చెప్పి అయ్యగారు మైకులో ప్రత్యేకంగా ప్రార్థన చేసేవారు. హారను కొబ్బరిచెట్టుకి కట్టేవారు కాబట్టి ఆ పేర్లు కాలవ అవతలివాళ్ళకి కూడా వినిపించేవి. సముద్రం మీద బతికేవాళ్ళకి అంతకన్నా పెద్ద రక్షణ ఏముంటుందని అందరి నమ్మకం. బోట్లకి రెండో బ్యాటరీ వచ్చాక ఆనవాయితీ ఇంకా సులువైంది. నాన్నకి అది నచ్చేది కాదు. అయినా బోటు ఒడ్డున ఉన్నంతసేపే కదా అని సర్దుకునేవాడు.

ఆ ఏడు ఈస్టర్ ముందు పెద్ద గాలి కొట్టి కరెంటు స్తంభాలు పడిపోయాయి. వరండాలో బ్యాటరీలన్నీ ఛార్జి లేక చల్లగా పడున్నాయి. నిండుగా ఉన్నది ఒక్కటే, మామయ్య బోటు వైర్‌లెస్ బ్యాటరీ. అది ఛార్జి పూర్తయ్యాకే కరెంటు పోయింది. పండగ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన ఉంటుంది. దానికి మైకు కావాలని అయ్యగారు కబురు పంపారు. మామూలుగా అయితే ఇబ్బందే లేదు, పండగకి బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. కానీ మామయ్య బోటు ఓనరు మా మతం కాదు. రొయ్య బాగా పడుతోందని, శనివారమే బయల్దేరాలని పట్టుబట్టాడు.

వంటింటి గడప మీద కూర్చుని నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నాన్న ఆ బ్యాటరీని సైకిలుకి కట్టడానికి తాడు వెతుకుతున్నాడు.

"ఏవండీ, దాన్ని గుడికిచ్చెయ్యండి" అంది అమ్మ.

"బోటు వెళ్తుంటే ఎలా ఇస్తాను? వైర్‌లెస్ దేంతో పనిచేస్తుంది?"

"ఇంజనుది ఉంది కదా. దానికే కలపండి, ఈ ఒక్కసారికి."

"నీకు తెలీదా నేనెందుకు విడిగా పెడతానో? ఊరందరికీ చెప్పి నేనే తప్పమంటావా?"

అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పండగ పూట వాడు సముద్రం మీద ఉంటాడండీ. పుట్టి బుద్ధెరిగాక వాడు లేని ఈస్టర్ లేదు. కనీసం ఆ బ్యాటరీ అయినా అక్కడుంటే అయ్యగారు వాడి పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. నాకదే చాలు. వాడికి ఏమన్నా అయితే నేను బతకలేను" అని ఏడ్చింది.

 నాన్న చేతిలో తాడు చుట్టచుట్టి మేకుకి తగిలించాడు. ఆయన్ని ఒప్పించింది అమ్మ వాదన కాదు. అమ్మ ఏడిస్తే నాన్న తట్టుకోలేడు, అంతే. ఆ మధ్యాహ్నం రేవుకి వెళ్ళి వైర్‌లెస్ తీగల్ని ఇంజను బ్యాటరీకి కలిపొచ్చాడు. మామయ్య ప్రయాణానికి ముందు ఇంటికొచ్చాడు. గడపలో నిలబడే, "ఏంటి బావా, రూలు పెట్టిందీ నువ్వే, తీసేసిందీ నువ్వేనా?" అని నవ్వాడు. "గుడికిస్తానని మాటిచ్చానురా. సెల్ఫు ఎక్కువ కొట్టకు" అన్నాడు నాన్న. అమ్మ అడిగిందని చెప్పలేదు. అమ్మ మామయ్య చేతిలో పులిహోర మూట పెట్టింది.

ఆదివారం ఇంకా వెలుతురు రాకముందే సమాధుల తోటకి వెళ్ళాం. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులూ బంతిపూలూ. మైకు ఎంత స్పష్టంగా పలికిందో నాకిప్పటికీ గుర్తుంది, గరగర అన్నది లేదు. అయ్యగారు ముందు బోటు పేరు చెప్పారు, తర్వాత ప్రసాదు మామయ్య పేరు, ఆయన భార్య రత్నం అత్తయ్య పేరు, మా నాన్న పేరు. గాలినీ అలలనీ అణచిన ప్రభువు ఆ బోటుకి తోడుండాలని ప్రార్థించారు. అమ్మ కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, కన్నీళ్ళతో నవ్వుతోంది. అమ్మని నేను అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మామయ్య బోటు ఇంజను ఆగిపోయింది కూడా ఆ తెల్లవారుజామునేనని తర్వాత తెలిసింది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలుంటాయి, వాటి మీద అలలు విరుగుతుంటాయి. గాలికి బోటు అటు కొట్టుకుపోతుంటే మామయ్య సెల్ఫు కొట్టాడు. స్టార్టవలేదు. మళ్ళీ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు, నాన్న చెప్పిన మాట మర్చిపోయి కాదు, బోటు మేట వైపు పోతుంటే ఎవరైనా అదే చేస్తారు కాబట్టి. ఆ తర్వాతే వైర్‌లెస్ అందుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ గదిలో గుమాస్తాకి వినపడింది ఇంతే: "ఇంజను పడిపోయిందండీ, మేం..." ఎక్కడున్నదీ వినపడలేదు. ఎటు వెళ్ళి వెతకాలో తెలియక పడవలు అన్ని వైపులకీ తిరిగాయి, సరైన వైపుకి వెళ్ళేసరికి అక్కడ చెక్కలే ఉన్నాయి. బోటులో ఉన్నవాళ్ళలో డీజిలు క్యాను పట్టుకుని ఒక్కడే ఒడ్డుకొచ్చాడు. వాడే చెప్పాడు: "సెట్టు మీద ఎర్ర లైటు ఆరిపోయిందండీ. సరంగుగారు చూసుకోలేదు. ఎక్కడున్నామో అంతా వివరంగా చెప్పారండీ. చెప్పి, వస్తున్నారు, భయపడకండిరా అన్నారు మాతో."

మామయ్య శవం దొరకలేదు. ఆ సమాధుల తోటలో ఆయనకి సమాధి లేదు.

రత్నం అత్తయ్య కూతుర్ని చంకనేసుకుని మా వాకిట్లోకొచ్చి నిలబడింది. బతికొచ్చినవాడు ఆమెకి కూడా అన్నీ చెప్పేశాడు. వీధంతా మూగింది. "అన్నయ్యగారూ, ఆ బ్యాటరీ ఎందుకు తీశారు?" అని ఒక్కటే అడిగింది. నాన్న వరండా మెట్టు మీద తల వంచుకుని నిలబడి, "నాదే తప్పమ్మా. నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు. అత్తయ్య వంగి గుప్పెడు మట్టి తీసి ఆయన మొహాన కొట్టింది. "మీ చేతులు పడిపోవాలి. నా పిల్ల ఏడ్చిన ఏడుపు మీకు తగలాలి" అంది. నేను తలుపు పక్కన ఉన్నాను. అమ్మ నా వెనక ఉంది.  ఇప్పుడు ముందుకెళ్తుంది, ఇప్పుడు చెప్పేస్తుంది అని నేను చూస్తున్నాను. అమ్మ కదల్లేదు.

అత్తయ్య వెళ్ళిపోయాక అమ్మ నేల మీద కూలబడి, "నేను వెళ్ళి చెప్తానండీ, నేను అడిగానని చెప్తాను" అంది. నాన్న మొహం కడుక్కుంటున్నాడు. "చెప్పకు" అన్నాడు. "రత్నానికి అమ్మానాన్నా లేరు. ఇంక రావడానికి ఉన్నది నీ ఇల్లొక్కటే. నీ మీద కోపం పెట్టుకుంటే ఎక్కడికెళ్తుంది? నా మీద పెట్టుకోనీ. నాకేం పర్వాలేదు." అది త్యాగమని అప్పుడు నాకు తెలియదు. తెలిశాక కూడా ఆయన మీద నాకు గౌరవం ఎంత కలిగిందో కోపం కూడా అంతే కలిగింది. ఆ మాటతో ఆయన అత్తయ్యకి ఒక ఇల్లు మిగిల్చాడు, అమ్మకి మాత్రం నోరు లేకుండా చేశాడు.

ఆ తర్వాత మా ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. అత్తయ్య పెరటి దారిన వచ్చేది. ఆమె వచ్చిందంటే నాన్న వరండా దాటి లోపలికి వచ్చేవాడు కాదు, మంచినీళ్ళు కావాలన్నా నన్ను పిలిచేవాడు. అమ్మ అన్నం పెట్టేది, కూతురికి తల దువ్వేది. అత్తయ్య తింటూ తింటూ నాన్నని తిట్టేది. అమ్మ వింటూ మళ్ళీ కూర వడ్డించేది. రేవులో ఓనర్లు నాన్నని పిలవడం మానేశారు. రూలు చెప్పి రూలు తప్పిన మేస్త్రీని ఎవరు నమ్ముతారు? భీమవరం వైపు చెరువులకి మోటార్లూ జనరేటర్లూ బాగుచేసే పనిలో పడ్డాడు. చాలా ఏళ్ళు గడిచి తమ్ముడు చేతికందొచ్చాకే మళ్ళీ బోటెక్కాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరం వంతుగా పైకి ప్రార్థన చేసేవాళ్ళం. అమ్మ వంతు వచ్చినప్పుడు మాత్రం నిశ్శబ్దం. కాసేపాగి నాన్న ఆమెన్ అనేవాడు, మేమూ అనేవాళ్ళం. గుడిని ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు గాని, ఇవాళ్టికీ గుడిలో మైకు పలికితే నా పళ్ళు బిగుసుకుంటాయి.

నాన్న పోయిన రోజున పందిరి వేసి, కుర్చీలు వేసి, పెద్ద పెద్ద సౌండు బాక్సులు పెట్టారు. ఇప్పుడు కరెంటు పోదు, పోయినా జనరేటరు ఉంటుంది. పాస్టరుగారు వాక్యం చెప్పాక, ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడిగారు. అమ్మ లేచింది. అన్నేళ్ళుగా నలుగురిలో నోరు విప్పని మనిషి శవపెట్టె పక్కన నిలబడి మైకు తీసుకుంది. "రత్నం వినాలి" అంది. "ఆ పండక్కి బ్యాటరీ ఇమ్మని అడిగింది నేను. ఆయన వద్దన్నారు. నేనే ఏడ్చి ఇప్పించాను. ఆయన మీద మన్ను పోశావు రత్నం, అది నా మీద పొయ్యాల్సిన మన్ను. ఇన్నేళ్ళూ నీకు అన్నం పెట్టి ఈ మాట దాచాను. నన్ను క్షమించు."

అమ్మ గొంతు వీధి చివరిదాకా వినపడింది.  రత్నం అత్తయ్య ముందు వరసలో కూర్చుంది. ఆమెకి అప్పటికే చెవుడు ముదిరిపోయింది. ఎవరైనా చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడదు. అమ్మకా సంగతి తెలుసు. కానీ అన్ని బాక్సులు పెట్టారు కదా, ఆ హోరుకి వినపడుతుందనుకుంది. అత్తయ్యకి ఒక పక్క నేను, ఇంకో పక్క పక్కింటి మార్తమ్మగారు. తన పేరు పలికినట్టు పెదవులు చూసి గ్రహించిందేమో, అత్తయ్య మార్తమ్మగారి వైపు వంగి, "ఏవంటోంది మా వదిన?" అంది. మార్తమ్మగారు నా వంక చూసింది. తర్వాత అత్తయ్య చెవి దగ్గర నోరు పెట్టి, "అన్నయ్యగారు చాలా మంచివారని చెప్తున్నారండీ" అంది.

అత్తయ్య కాసేపు పెట్టె వంక చూసింది. "మంచోడే. పోయినవాడి మీద ఇంకా ఏం కోపం" అని, అమ్మ వైపు తిరిగి నెమ్మదిగా తలూపింది. రెండు చేతులూ జోడించింది. అమ్మ అది చూసి, మైకు ఇచ్చేసి, అక్కడే నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. భూస్థాపన అయ్యాక అత్తయ్య కూతురు నన్ను పక్కకి పిలిచి, "అమ్మకి ఎవరూ చెప్పొద్దొదినా. ఈ వయసులో ఇంకో మనిషిని తిట్టుకునే ఓపిక లేదు" అంది. ఊళ్ళోవాళ్ళు కూడా చెప్పలేదు. ఆ మాట ఆ ముసలావిడ చెవిలో ఎవరు అరిచి చెప్పగలరు?

చివరి రోజుల్లో అమ్మకి చాలా విషయాలు జారిపోయాయి. నన్ను గుర్తుపట్టని పూటలు కూడా ఉన్నాయి. ఇదొక్కటి మాత్రం పోలేదు. నేను పక్కబట్టలు సర్దుతుంటే నా చెయ్యి పట్టుకునేది.

"ఆ రోజు రత్నం తలూపింది కదే?"

"ఊపిందమ్మా."

"దణ్ణం కూడా పెట్టింది."

"పెట్టింది."

"నేను చెప్పింది మొత్తం వినే ఊపింది కదా?"

"మొత్తం విందమ్మా" అనేదాన్ని. అప్పుడు నా చెయ్యి వదిలి అటు తిరిగి పడుకునేది.